ఊరికి కొత్తవాడే దొరికాడా?

ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ కొండల నడుమ కార్స్‌లీ అనే కల్పిత పల్లె ఉంది. లండన్‌లో నడుపుతున్న ప్రచార సంస్థను అమ్మేసి, శేషజీవితం ప్రశాంతంగా గడుపుదామని అగాథా రైజిన్ అనే మహిళ ఆ ఊరికి వస్తుంది. పలకరించే దిక్కు లేదు. ఊరివాళ్ల మెప్పు పొందాలన్న ఆశతో వంటల పోటీకి పేరిస్తుంది. గుడ్లు, పాలకూర వేసి కాల్చే ‘కీష్’ అనే వంటకాన్ని లండన్ దుకాణంలో కొనుక్కొచ్చి, తానే చేసినట్టు బల్ల మీద పెడుతుంది. ఆ పోటీకి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి అది తిని చనిపోతాడు. అందులో కౌబేన్ అనే విషపు మొక్క కలిసిందని తేలుతుంది. పోలీసులు దాన్ని ప్రమాదంగానే తీసుకున్నా ఊరి చూపులు మాత్రం ఆమెను వదలవు. ఎం.సి. బీటన్ 1992లో రాసిన నవల ఇది. ఆ వంటకం ఎవరు తెచ్చారన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఊరు ఆగిపోయింది. పోటీ బల్ల నుంచి తిన్న మనిషి పళ్లెం దాకా అది ఎవరెవరి చేతులు మారిందని ఎవరూ అడగలేదు. ఇంకా చదవనివారు మన్నించాలి, చెప్పక తప్పదు: ఆయన తిన్నది అగాథా తెచ్చిన వంటకమే కాదు. దాని స్థానంలో విషం కలిపినదాన్ని పెట్టిన చేయి ఆయన సొంత ఇంట్లోదే.

ఈ తరహా కథలను ఇంగ్లిషులో ‘కోజీ మిస్టరీ’ అంటారు. చిన్న ఊరు, ఒకరికొకరు తెలిసిన జనం, నెత్తుటి వర్ణన లేని హత్య, పోలీసు కాని మామూలు మనిషి చేసే పరిశోధన వీటి లక్షణాలు. డిటెక్టివ్ యుగంధర్ నవలలను అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రి చదివి ముగించిన తెలుగు పాఠకులకు ఈ రుచి కొత్తది కాదు. ఇలాంటి కథల్లో పదేపదే కనిపించే అమరిక ఒకటి ఉంది. ఊరికి కొత్తగా వచ్చిన మనిషి మీద మొదట అనుమానం పడుతుంది, చివరికి ఆ మనిషి నిర్దోషి అని తేలుతుంది, హంతకులు ఊరందరికీ తెలిసినవాళ్లే అవుతారు. కాలక్షేపం కోసం చదివే పుస్తకాల్లోని ఈ అమరికలో మన సమాజం గట్టిగా పట్టించుకోవలసిన నిజం ఉంది. కొత్తవాడిని ముందుగా అనుమానించడం ఆ ఒక్కడికి జరిగే అన్యాయంతో ముగిసిపోదు, అసలు నేరస్తుడికి రక్షణగా కూడా మారుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఇంటి దొంగకు ఆ బలం అతని తెలివి నుంచి వచ్చేది కాదు. అతని వైపు ఎవరి చూపూ తిరగకపోవడం నుంచి వచ్చేది.

హత్యలు ఎక్కడ పుడతాయో లెక్కలు చెబుతున్నాయి. జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) నివేదిక ప్రకారం 2022లో దేశంలో 28,522 హత్య కేసులు నమోదయ్యాయి. వాటిలో 9,962 కేసులకు కారణం తగాదాలు. మరో 3,761 వ్యక్తిగత కక్షలతో జరిగినవి. డబ్బు, ఆస్తి లాభం కోసం చేసినవి 1,884. తగాదా పడాలంటే ముందు పరిచయం ఉండాలి. గట్టు దగ్గరో, బోరు నీళ్ల దగ్గరో, వాటాల పంపకం దగ్గరో, అప్పు దగ్గరో మాటా మాటా పెరగాలంటే ఒకరికొకరు తెలిసి ఉండాలి. నిన్న బస్సు దిగినవాడితో మనకు పొలం గొడవ ఉండదు. మహిళల విషయంలో ఈ సత్యం ఇంకా కఠినంగా ఉంది. 2023లో ప్రపంచవ్యాప్తంగా ఉద్దేశపూర్వకంగా హత్యకు గురైన మహిళలు, బాలికలు సుమారు 85 వేల మంది అని, వారిలో 51,100 మందిని, అంటే నూటికి అరవై మందిని, జీవిత భాగస్వామో కుటుంబ సభ్యులో చంపారని ఐక్యరాజ్యసమితి సంస్థలు అంచనా వేశాయి. సగటున రోజుకు 140 మంది. ఈ అంకెలు చూపి ప్రతి కేసులోనూ భర్తనో బంధువునో ముద్దాయిని చేయాలని నేననడం లేదు. అంకెలు ఏ ఒక్క మనిషి నేరాన్నీ రుజువు చేయలేవు. కానీ మొదటి చూపు ఎటు పడాలో తేల్చుకునేటప్పుడు, మన అలవాటు సూచించే దిక్కు, అనుభవం సూచించే దిక్కు ఒకటి కావని మాత్రం ఇవి స్పష్టంగా చూపుతున్నాయి.

అలవాటు చూపిన దిక్కున వెళితే ఏమవుతుందో 2018లో దేశం చూసింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో ఊరూరా పాకిన ఏడాది అది. జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో సంత జరుగుతోంది. భిక్షాటనతో బతికే సంచార తెగకు చెందిన ఐదుగురు అక్కడ బస్సు దిగారు. వారిలో ఒకరు ఒక చిన్నపిల్లతో మాట్లాడబోవడమే నేరమైంది. జనం వాళ్లను పంచాయతీ కార్యాలయం గదిలోకి ఈడ్చుకెళ్లి కొట్టి చంపారు. అదే నెల 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి కారులో వెళ్లిన మిత్ర బృందంలో ఒకరు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. చాక్లెట్ ఇచ్చిన కొత్తముఖం అంటే పిల్లలను ఎత్తుకుపోయేవాడేనని ఊరు తీర్మానించింది. వాళ్లు తప్పించుకుని బయల్దేరితే, కబురు కారుకన్నా ముందే తర్వాతి ఊరికి చేరింది. ముర్కి గ్రామం దగ్గర దారికి అడ్డం కట్టి పట్టుకున్నారు. కాపాడబోయిన పోలీసులు కూడా గాయపడ్డారు. హైదరాబాద్‌కు చెందిన 32 ఏళ్ల ఇంజినీరు అక్కడే ప్రాణాలు విడిచాడు. ఈ రెండు చోట్లా ఎత్తుకుపోయిన పిల్ల ఎవరూ లేరు. నేరం లేదు, ఫిర్యాదు లేదు, సాక్ష్యం లేదు. ఉన్నదల్లా తెలియని ముఖం. ఒక చాక్లెట్ మన ఊరి మనిషి చేతిలో ముద్దుగానూ, పొరుగూరి మనిషి చేతిలో ఎరగానూ కనిపించిందంటే, తేడా చాక్లెట్‌లో లేదు, చూసిన కంటిలో ఉంది.

ఈ చూపును చట్టంగా రాసుకున్న చరిత్ర కూడా మనకుంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని సంచార, అర్ధసంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టింది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగినవాళ్లు, బుట్టలల్లినవాళ్లు, ఎరుక చెప్పినవాళ్లు ఏ ఊరికి పోయినా ఆ ఊరికి కొత్తవాళ్లే. బాపట్ల సమీపంలోని స్టువర్టుపురం అలా పుట్టింది. 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కుటుంబాలను అక్కడ స్థిరపరిచారు. మద్రాసు ప్రభుత్వంలోని ఉన్నతాధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరి పేరయింది. హాజరు పలకాలి, బయటికి వెళ్లాలంటే అనుమతి చీటీ కావాలి. ఎక్కడైనా దొంగతనం జరిగితే మొదట తట్టేది ఆ ఇళ్ల తలుపులే. ఆ చట్టం 1947లో మద్రాసు రాష్ట్రంలోనూ, 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. అందుకే ఆ తెగలను విముక్త జాతులు అంటున్నాం. చట్టం పోయినా ఊరి పేరుకు అంటిన మరక మాత్రం వెంటనే పోలేదు. స్టువర్టుపురం అనగానే దొంగల ఊరని సినిమాలూ నవలలూ దశాబ్దాల పాటు చెబుతూ వచ్చాయి. అక్కడ పుట్టిన బిడ్డ చదువుకుని ఉద్యోగానికి వెళ్లినప్పుడు సొంత ఊరి పేరు చెప్పడానికి తడబడవలసి వస్తే, ఆ తడబాటుకు బాధ్యత ఆ బిడ్డది కాదు.

అనుమానం తప్పు మనిషి మీద పడితే నష్టం రెండింతలు. అమాయకుడి జీవితం నలుగుతుంది, ఆ లోపల అసలు నేరానికి ఆధారాలు చెరిగిపోతాయి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. రాత్రివేళ బయటి నుంచి చొరబడినవాడి పనేనంటూ 2008లో ఒక పేద యువకుడిని అరెస్టు చేశారు. ఆ అబ్బాయి కాదు, అసలు దోషులు వేరే ఉన్నారని బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులే మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. ఎనిమిదేళ్లకు పైగా అతని యౌవనం జైల్లో గడిచిపోయింది. ఆ తర్వాత దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. అయితే హత్య జరిగిన మొదటి వారంలో దొరకవలసిన రక్తపు మరక, వేలిముద్ర, సాక్షి జ్ఞాపకం పదేళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతాయి? కొత్తవాడి మీదో, బయటివాడి మీదో, అండలేని పేదవాడి మీదో తొందరపడి వేలు చూపే ప్రతిసారీ లోపలివాడికి మనం ఇచ్చేది కాలమే. నేరస్తుడికి అంతకన్నా పెద్ద కానుక లేదు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఇక్కడ కొందరంటారు. ఏమీ చేయకపోతే ఎందుకు తడబడుతున్నాడు, ఎందుకు మాట మారుస్తున్నాడు అని అడుగుతారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెతే వాళ్లకు సాక్ష్యం. ఇది కొట్టిపారేయదగ్గ వాదన కాదు, మనిషి ప్రవర్తనను న్యాయస్థానాలు కూడా గమనిస్తాయి. కానీ భుజాలు తడుముకోవడానికి నేరం ఒక్కటే కారణం కాదు. అగాథా క్రిస్టీ 1950లో రాసిన ‘ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్’ నవలలో మిట్జీ అనే వంటమనిషి ఉంటుంది. యుద్ధంలో అయినవాళ్లను పోగొట్టుకుని ఇంగ్లండుకు చేరిన శరణార్థి. పోలీసులంటే వణుకుతుంది, చిన్నచిన్న అబద్ధాలు ఆడుతుంది, ఆమె మాట ఊళ్లో ఎవరూ నమ్మరు. ఆమె భయం వెనుక ఉన్నది హత్య కాదు, గడచిన జీవితం. చివరికి హంతకురాలిని పట్టించడంలో ప్రాణాలకు తెగించి సాయపడేది ఆ మిట్జీయే. మన సుప్రీంకోర్టు 1984లో, పరిస్థితుల సాక్ష్యం మీద నడిచిన ఒక హత్య కేసులో ఐదు నియమాలను చెప్పి, వాటిని పంచశీలాలుగా పేర్కొంది. సాక్ష్యాల గొలుసులో ఒక్క లంకె కూడా తెగకూడదని, ఎంత బలమైన అనుమానమైనా రుజువు కాదని ఆ తీర్పు సారాంశం. నిందితుడు చెప్పింది అబద్ధమని తేలినా, తెగిన గొలుసును ఆ అబద్ధంతో అతకడానికి వీల్లేదని కూడా అదే తీర్పు చెప్పింది. భాష రాని ఊళ్లో, చుట్టూ మూగిన జనం మధ్య, పోలీసు ప్రశ్నలకు తడబడని మనిషి ఎవరు?

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఊళ్లకు ముఠాలు రావడం నిజం కాదా, తాళం వేసిన ఇళ్లను చూసి దోచుకుపోయిన సంఘటనలు లేవా, జాగ్రత్తగా ఉండొద్దా అని అడుగుతారు. ఉన్నాయి, ఉండాలి. అయితే అప్రమత్తతకూ ఆరోపణకూ మధ్య గీత ఒకటి ఉంది, దాన్ని చెరిపేయకుండానే ఊరిని కాపాడుకోవచ్చని మన తెలంగాణలోనే రుజువైంది. 2018లో జోగులాంబ గద్వాల జిల్లాకు రెమా రాజేశ్వరి ఎస్పీగా ఉన్నారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలు వేసుకుని పడుకునే పల్లెల్లో జనం చీకటి పడగానే తలుపులు బిగించుకుంటున్నారని పోలీసులు గమనించారు. ఫోన్లలో తిరుగుతున్న వీడియోలే కారణమని తెలిసింది. ఆమె ఊరికొక పోలీసును బాధ్యుడిగా పెట్టి, డప్పు కొట్టించి, కళాకారులతో పాటలు కట్టించి, ఆ వీడియోలు అబద్ధమని ఊరూరా చెప్పించారు. అనుమానం వస్తే చేయి ఎత్తకుండా తమకు ఫోన్ చేయమన్నారు. అదే ఏడాది దేశంలో పలుచోట్ల ప్రాణాలు పోతుంటే ఆ ప్రాంతంలో మూకదాడి చావు ఒక్కటీ జరగలేదు. జాగ్రత్త అంటే ఇది. కొత్త మనిషి కనిపిస్తే ఎవరు, ఏ పని మీద వచ్చారని మర్యాదగా అడగడం జాగ్రత్త. స్తంభానికి కట్టేసి అడగడం నేరం.

మరి ఎవరు ఎవరో తెలియని కాలంలో నమ్మడం ఎలా? ఈ ప్రశ్నను క్రిస్టీ అదే నవలలో నిజాయతీగా ఎదుర్కొంది. యుద్ధానికి ముందు ఊరికి కొత్తగా ఎవరొచ్చినా, తెలిసినవాళ్లు రాసిచ్చిన పరిచయ లేఖతో వచ్చేవారు. యుద్ధం తర్వాత మనుషులు చెల్లాచెదురై, ఎవరికి వారు చెప్పుకున్నదే వాళ్ల చరిత్ర అయింది, రేషన్ పుస్తకాలకు కూడా నకిలీలు పుట్టాయి. ఇవాళ మన ఊళ్ల స్థితీ అంతే. ఇటుక బట్టీలకు ఒడిశా కుటుంబాలు వస్తున్నాయి, మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ కూలీలు వస్తున్నారు, రైస్ మిల్లుల్లో బస్తాలెత్తేది బిహార్ యువకులు. వాళ్లు లేకపోతే మన పంట ఇంటికి రాదు, మన ఇల్లు పైకి లేవదు. అపరిచయానికి మందు పరిచయమే. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో వచ్చిన చట్టమే, కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలని, వివరాలు నమోదు చేయించాలని చెప్పింది. ఆ పని సక్రమంగా జరిగి ఉంటే బట్టీ దగ్గర ఎవరున్నారో మండల కార్యాలయానికి తెలిసేది. వాళ్ల పిల్లలు బడిలో, వాళ్ల గర్భిణులు ఆశా కార్యకర్త జాబితాలో ఉండేవారు. వివరాలు రాసుకోవడం కూలీని కాపాడేందుకు కావాలి. నేరం జరిగిన మర్నాడు బస్తీని చుట్టుముట్టి అందరి ఆధార్ కార్డులూ గుంజుకోవడం దానికి ప్రత్యామ్నాయం కాదు.

కోజీ మిస్టరీ కథలను మెచ్చుకుంటూనే వాటిలోని ఒక లోపాన్నీ చెప్పాలి. కొత్తగా వచ్చిన మనిషి చివరికి ఊరిలో ఒకరవుతారు, నిజమే. కానీ అలా కావడానికి హంతకుణ్ణి తామే పట్టివ్వవలసి వస్తుంది. అగాథా రైజిన్ పరిశోధకురాలైంది ముందుగా తన మీద పడ్డ నీడ తొలగించుకోవడానికే. ఆమెకు డబ్బుంది, వచ్చిన భాషే ఊరి భాష, పోలీసులతో వాదించే ధైర్యముంది. బట్టీ పక్కన గుడిసెలో ఉన్న ఒడియా కూలీకి వీటిలో ఏదీ లేదు. అనుమానం నుంచి బయటపడడానికి నిర్దోషి డిటెక్టివ్ కావాలా? రుజువు చేయవలసిన భారం నేరం మోపినవాడిదేనన్నది మన చట్టానికి పునాది. పోలీసు దగ్గర చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని పాత సాక్ష్యాధార చట్టమూ చెప్పింది, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమూ చెబుతోంది. ఊరిలో స్థానం అనేది పరీక్ష పాసై గెలుచుకునే బహుమతి కాకూడదు. వచ్చిన రోజు నుంచే ఉండే హక్కు అది.

కాబట్టి చేయవలసిన పనులు చాలా మామూలువి. హత్య జరిగితే పోలీసులు కొత్తవాళ్లను ప్రశ్నించాలి, అదే రోజు ఇంటివాళ్లనూ, వాటాదారులనూ, అప్పిచ్చినవాళ్లనూ అదే ప్రశ్నలతో ప్రశ్నించాలి. రుజువు కాకముందే ముఖానికి గుడ్డ కట్టి విలేకరుల ముందు నిలబెట్టి, కేసు ఛేదించామని ప్రకటించడం మానాలి. పత్రికలవాళ్లమూ, టీవీలవాళ్లమూ మన తప్పు ఒప్పుకోవాలి. నిందితుడిది పొరుగు రాష్ట్రమైతే ఆ మాట శీర్షికలో పెట్టి, మన ఊరివాడైతే వదిలేసే అలవాటు మనకుంది. నేరంతో సంబంధం లేని చోట పుట్టిన ఊరి ప్రస్తావన ఎందుకు? నిర్దోషి అని తీర్పు వచ్చిన రోజు ఆ వార్తకు అరెస్టు వార్తకిచ్చినంత చోటు ఎందుకివ్వం? మూకదాడులను అరికట్టడానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018 జులై 17న ఆదేశించింది. భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్‌లో, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది కలిసి కులం, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో చంపితే ఉరి లేదా యావజ్జీవ శిక్ష అని ఉంది. పుట్టిన చోటు, భాష అన్న మాటలు చట్టంలోకి ఊరికే రాలేదు. వాటి వెనుక ఎన్నో ఊళ్ల నెత్తురు ఉంది. ఆ అధికారి ఎవరో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో ప్రతి పంచాయతీ గోడ మీద రాసి ఉండాలి.

మనమూ ఎక్కడో ఒకచోట కొత్తవాళ్లమే. పాలమూరు కూలీ ముంబయిలో, శ్రీకాకుళం మత్స్యకారుడు గుజరాత్ వెరావల్ రేవులో, కరీంనగర్ మేస్త్రీ గల్ఫ్ క్యాంపులో, మన పిల్లలు అమెరికా విశ్వవిద్యాలయాల్లో. అక్కడ ఏదైనా ఘోరం జరిగితే, వాళ్లను పట్టుకునే ముందు ఆ ఊరు ఏ ప్రశ్న అడగాలని మనం కోరుకుంటామో, ఇక్కడికి వచ్చినవాళ్ల గురించి మనం అడగవలసిందీ అదే. కార్స్‌లీ పల్లె ఆ ప్రశ్నను ఆలస్యంగా నేర్చుకుంది. పళ్లెం ఎవరు తెచ్చారన్నది సగం ప్రశ్న. బల్ల నుంచి నోటి దాకా అది ఎవరి చేతుల మీదుగా వెళ్లిందన్నది మిగతా సగం. ఆ మిగతా సగం అడగాలంటే తెలిసినవాళ్ల వైపు, కొన్నిసార్లు సొంత ఇంటి వైపు, చూపు తిప్పాలి. అది కష్టమైన పని. కానీ చచ్చిపోయిన మనిషికి మనం చేయగల న్యాయం అక్కడే మొదలవుతుంది.